మీ ప్రశ్నలు – మా జవాబులు: ఏజెన్సీ పిల్లలు పనిలో నిలవరా?

చదువు మధ్యలో ఆగిపోయి, పనీ దొరకక ఇంటి దగ్గర ఉండిపోతున్న పిల్లలను, అందులోనూ ఆదివాసీ, మైనారిటీ కుటుంబాల పిల్లలను వ్యాపారాలు నడిపేవారు ఎలా కలుపుకోవాలన్న విషయం మీద ఈసారి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. అడిగినవారి పేర్లు వేయడం లేదు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది, మిగిలినవారు మన్నించాలి.

ప్రశ్న: అనకాపల్లి జిల్లాలో నాకు ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ ఉంది. కాంట్రాక్టు వారితో కలిపి 64 మంది పనిచేస్తారు. పోయిన సంవత్సరం ఒక శిక్షణ కేంద్రం వారి మాట మీద పాడేరు, జి.మాడుగుల, ముంచింగిపుట్టు వైపు నుంచి 11 మంది గిరిజన యువకులను తీసుకున్నాను. మూడు నెలలు తిరగకుండానే తొమ్మిది మంది వెళ్లిపోయారు. చెప్పి వెళ్లినవారు ఒక్కరూ లేరు. “ఏజెన్సీ వాళ్లు నిలవరండీ, మనకెందుకు ఈ తలనొప్పి” అంటున్నాడు మా సూపర్‌వైజరు. నాకు మాత్రం మళ్లీ ప్రయత్నించాలనే ఉంది. తప్పు ఎక్కడ జరిగింది? చట్టపరంగా ఏమైనా సాయం దొరుకుతుందా?

జవాబు: వాళ్లు ఎందుకు వెళ్లారని ముందే ఎవరినీ అడగకండి. మీ హాజరు పట్టీ తీసి, ఒక్కొక్కరూ ఏ తేదీన చేరారో, ఆఖరిసారి ఏ తేదీన వేలిముద్ర వేశారో వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి. చాలా మటుకు ఆ తేదీలే కారణం చెప్పేస్తాయి. చేరిన ఇరవై రోజుల లోపల వెళ్లినవారిది ఒక కథ, మొదటి జీతం అందిన మర్నాడు వెళ్లినవారిది ఇంకొక కథ, ఏప్రిల్‌లో వెళ్లినవారిది మూడో కథ. మూడింటికీ ఒకటే మందు పనిచేయదు.

మొదటిది డబ్బు సంగతి. నెల 4వ తేదీన చేరిన కుర్రాడికి మీరు జీతం వేసేది మరుసటి నెల 7న గాని 10న గాని అయి ఉంటుంది. అంటే దాదాపు అయిదు వారాలు అతను చేతిలో పైసా లేకుండా, ఇంటికి వంద కిలోమీటర్ల దూరంలో బతకాలి. గదికి అడ్వాన్సు, మెస్సుకు ముందస్తు, సబ్బులు, ఫోను రీఛార్జి, షేరు ఆటో ఇవన్నీ ఆ అయిదు వారాల్లోనే వచ్చి మీద పడతాయి. పట్టణపు కుర్రాడు ఇంటికి ఫోను చేసి అయిదు నిమిషాల్లో డబ్బు వేయించుకుంటాడు. కాఫీ, మిరియాలు, పసుపు అమ్మిన రోజుల్లో తప్ప నగదు కంటపడని ఇంటి నుంచి వచ్చినవాడు ఎవరికి ఫోను చేయాలి? కనుక మొదటి రెండు నెలలు వారానికోసారి జీతం ఇవ్వండి. మీరు ఎలాగూ ఇవ్వవలసిన డబ్బే కాబట్టి ఇందులో మీకు అదనపు ఖర్చేమీ లేదు. మీ గుమాస్తాకు నెలలో మూడు పూటల పని పెరుగుతుంది, అంతే.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. పత్రికలోకి రాకముందు నేను పన్నెండేళ్లు ఒక కర్మాగారంలో సిబ్బంది విభాగంలో పనిచేశాను. చెప్పకుండా మానేసినవారి పేరు ఎదుట ఎర్ర సిరాతో “పరారీ” అని రాయడం మా దగ్గర అలవాటు. నేను కూడా చాలా మందికి రాశాను. ఒకసారి వేరే పని మీద పాడేరు వైపు వెళ్లినప్పుడు, సంతలో పసుపు కొమ్ముల బస్తా పక్కన కూర్చుని అలాంటి “పరారీ” ఒకడు కనిపించాడు. నన్ను చూసి గబుక్కున లేచి, “యూనిఫాం చొక్కాలు రెండూ ఉతికి ఉంచానండి, మా ఊరి బస్సులో పంపించేస్తాను” అన్నాడు. నేను చొక్కాల కోసం వచ్చాననుకున్నాడు. టీ తాగుతూ మెల్లగా అడిగితే సంగతి బయటపడింది. మేము తేదీ తప్పకుండా జీతం వేశాము. అయితే ఖాతా ఉన్నది వాళ్ల మండలంలో, ఏటీఎం కార్డు పోస్టులో వెళ్లింది వాళ్ల ఊరికి. ఖాతాలో జీతం ఉండగానే అతను మెస్సు వాడికి బాకీ పడి, రెండు రోజులు పస్తులుండి, మూడో రోజు సామాను లారీ ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు. మా లెక్కల్లో ఎక్కడా తప్పు లేదు. నెలకు పైగా మా కళ్ల ముందు పనిచేసిన మనిషి చేతికి డబ్బు అందిందా లేదా అని మాలో ఒక్కరం కూడా అడగలేదు, అదీ జరిగింది.

రెండో సంగతి పిలుపు. మీ షెడ్డులో వాళ్లను పేరు పెట్టి పిలిచారా, లేక “ఏయ్ ఏజెన్సీ” అని పిలిచారా? సూపర్‌వైజరు తమాషాకే అని ఉండవచ్చు. అయినా మైదాన ప్రాంతపు కుర్రాడిని మనం ఎన్నడూ “ఏయ్ పల్లం” అని పిలవలేదు కదా. నలుగురి ఎదుట కులం పేరు పెట్టి అవమానించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని కూడా మీ సూపర్‌వైజర్లకు తెలియాలి. దీనికే అనుబంధంగా భాష సంగతి ఉంది. ఆ మండలాల పిల్లల్లో చాలా మందికి ఇంట్లో మాట కువి గాని, ఆదివాసీ ఒడియా గాని అయి ఉంటుంది; తెలుగు వాళ్లకు బడిలో వచ్చిన భాష. యంత్రాల మోతలో మీవాళ్లు గబగబా కేకేసి చెప్పిన జాగ్రత్తకు తల ఊపారంటే అర్థమైందని కాదు, మళ్లీ అడగడానికి మొహమాటపడ్డారని. మౌల్డింగ్ యంత్రం దగ్గర ఆ మొహమాటం వేళ్ల మీదికి వస్తుంది. మొదటి వారం ప్రతి జాగ్రత్తా చేతితో చేయించి చూడండి. నోటితో చెప్పి వదిలేయకండి.

మూడోది ఏప్రిల్. విశాఖ ఏజెన్సీలో చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. ఒక్క పూట పండుగ కాదది, రోజుల తరబడి సాగుతుంది. మగవారు వేటకు వెళతారు, ఆడవారు దారికి అడ్డంగా కర్ర పెట్టి పాటలు పాడుతూ వచ్చేపోయేవారి దగ్గర పండుగ మామూలు వసూలు చేస్తారు. ఆ రోజుల్లో ఊళ్లో లేని కుర్రాడు ఊరికి కానివాడైనట్లే బాధపడతాడు. సంక్రాంతికి మూడు రోజులు షెడ్డుకు తాళం వేసి, నాలుగో రోజు సగం మంది రాకపోయినా “పండుగ కదా” అని సరిపెట్టుకునే మనం, ఆ పిల్లవాడు ఏప్రిల్‌లో అయిదు రోజులు కనపడకపోతే పేరు కొట్టేస్తాము. ఉగాది వెళ్లగానే వాళ్లను కూర్చోబెట్టి, ఎవరు ఏ వారం వెళ్లాలో వంతులు వేయించి, తిరిగి రావడానికి బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపండి.

ఇక చట్టం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, కాంట్రాక్టు వారితో కలిపి 30 మంది, ఆ పైన సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన బలగంలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను, అంటే స్టైపెండు మీద పని నేర్చుకునేవారిని, తప్పనిసరిగా తీసుకోవాలి. మీ 64 మందికి ఆ లెక్క సుమారు ఇద్దరి నుంచి తొమ్మిది మంది. కాబట్టి ఇది మీరు చేసే దయ కాదు, ఎలాగూ చేయవలసిన పని. అలాగే 11 మందినీ అప్రెంటిస్‌లుగా చూపించడం కుదరదు. ఆ పైవారిని మామూలు కార్మికులుగానే తీసుకుని పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టాలి. నిర్ణీత ట్రేడులలో, అంటే ప్రభుత్వం గుర్తించిన వృత్తుల్లో, ఎస్సీ, ఎస్టీలకు, ఇతర వెనుకబడిన తరగతులకు స్థానాలు కేటాయించాలని చట్టంలోనే ఉంది. 2019 నిబంధనలు కనిష్ఠ స్టైపెండును అయిదు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివినవారికి నెలకు 5,000, పది పాసైనవారికి 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 రూపాయలుగా పెట్టాయి. ఒప్పందం రాసే రోజున అమలులో ఉన్న రేటును అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో సరిచూసుకోండి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద కేంద్రం స్టైపెండులో నాలుగో వంతు, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయల దాకా భరిస్తుంది.

ఆ స్టైపెండు ఇంటి దగ్గర నుంచి వచ్చిపోయే పిల్లవాడికి సరిపోవచ్చు గాని, గది తీసుకుని ఉండేవాడికి చాలదు. కనిష్ఠమంటే అంతకన్నా తక్కువ ఇవ్వరాదని అర్థమే తప్ప, అంతే ఇవ్వాలని కాదు. కేంద్రం భరించే ఆ 1,500ను మీ ఖర్చులో మిగులుగా చూసుకోకుండా, వాళ్ల వసతికి కలపండి. ఇంకొక విషయం. గిరిజన పిల్లలకు గదులు అద్దెకు ఇవ్వడానికి కొందరు ఇంటివారు వెనుకాడతారు, కులం అడిగి మరీ లేదంటారు. కంపెనీ పేరు మీద మీరే ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆ అవమానం వాళ్లదాకా రాదు. శిక్షణ ముగిసినవారిని ఉద్యోగంలోకి తీసుకునే విషయంలో సంస్థ తన విధానం తానే రూపొందించుకోవాలని అప్రెంటిస్ చట్టానికి 2014లో వచ్చిన సవరణ చెబుతోంది; ఆ కాగితం మీ దగ్గర లేకపోతే ఈ నెలలోనే రాయించి, షెడ్డులో అందరికీ కనపడేటట్లు అతికించండి. ఏడాది తర్వాత ఏమవుతామో తెలియనివాడు ఏడాది ఉండడు.

మీకు పిల్లలను పంపిన శిక్షణ కేంద్రాన్ని కూడా ఒక మాట అడగాలి. 2014 సెప్టెంబరు 25న మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో సగం నిధులు ఎస్సీ, ఎస్టీలకు, 15 శాతం మైనారిటీలకు ఉద్దేశించినవి. ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా శిక్షణ సంస్థ కొంతకాలం వారిని కనిపెట్టుకుని ఉండాలన్నది ఆ పథకంలో భాగమే. మీ దగ్గరికి వచ్చినవారు ఆ పథకం కింద వచ్చినవారే అయితే, తొమ్మిది మంది వెళ్లిపోతున్నప్పుడు ఆ సంస్థ నుంచి ఒక్క ఫోనైనా వచ్చిందా?

మీ ఉత్తరమంతా తొమ్మిది మంది గురించే ఉంది. మిగిలిన ఇద్దరి గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. వాళ్లు ఎందుకు ఉన్నారో, ఎలా నెట్టుకొచ్చారో వాళ్లకే తెలుసు. సూపర్‌వైజరును పక్కన పెట్టి వాళ్లిద్దరితో ఒక సాయంత్రం కూర్చోండి. ఈసారి 11 మంది వద్దు, నలుగురు చాలు. నలుగురూ ఒకే మండలం వాళ్లయితే మరీ మంచిది. ఆ ఇద్దరిలో ఒకరిని కొత్తవారికి తోడుగా పెట్టి, అందుకు నెలకు కొంత అలవెన్సు ఇవ్వండి. తోడుండటం కూడా పనే, దానికీ కూలి ఉండాలి.

ప్రశ్న: మాది హైదరాబాద్ పాతబస్తీ. నేను బీకాం మంచి మార్కులతో పాసయ్యాను. నా కన్నా తక్కువ మార్కులు వచ్చిన స్నేహితురాళ్లకు ఇంటర్వ్యూ పిలుపులు వస్తున్నాయి, నాకు రావడం లేదు. పేరు, చిరునామా చూసి పక్కన పెడుతున్నారని నాకు అనుమానం. ఇది నా భ్రమా? మా తమ్ముడు ఇంటర్ మధ్యలో మానేసి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. “అక్కకే రాలేదు, నాకు వస్తుందా” అంటాడు.

జవాబు: మీ ఒక్క దరఖాస్తు విషయంలో ఏం జరిగిందో నేను చెప్పలేను గాని, మీ అనుమానం మాత్రం భ్రమ కాదమ్మా. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు మన దేశంలోనే దీన్ని పరీక్షించి చూశారు. ఆంగ్ల పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపించారు. సమానమైన అర్హతలతో, ఒకటి అగ్రవర్ణ హిందూ పేరుతో, ఒకటి దళిత పేరుతో, ఒకటి ముస్లిం పేరుతో దరఖాస్తులు వెళ్లాయి. అగ్రవర్ణ పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని 1 అనుకుంటే, దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. 2007లో అచ్చయిన ఆ ఫలితాన్ని చూసి ఆశ్చర్యపోయినవారు, ఉద్యోగాల కోసం తిరిగిన అనుభవం లేనివారే అయి ఉంటారు.

దీనికి చట్టంలో మందు దొరుకుతుందా అంటే, అక్కడే చిక్కుంది. ఉద్యోగాల్లో సమానావకాశం ఇస్తున్న రాజ్యాంగపు 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. మతం, కులం చూసి ప్రైవేటు యజమాని దరఖాస్తు పక్కన పెడితే అడిగే సమగ్రమైన చట్టం మనకు ఇంతవరకు లేదు. కాబట్టి ఈ జవాబు మీకన్నా ఎక్కువగా యజమానులు చదవాలి. దరఖాస్తులు వడపోసే గుమాస్తాకు పేరు, తండ్రి పేరు, చిరునామా కనపడకుండా చేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, మొదటి పేజీ తీసేసి ఇస్తే చాలు. ఉన్న ఉద్యోగుల సిఫార్సు మీదే కొత్తవారిని తీసుకునే పద్ధతి నమ్మకంగా కనిపిస్తుంది గాని, అందులో చుట్టాలు, ఊరివారు, కులంవారే తిరిగి తిరిగి వస్తారు. పాతబస్తీలో ఉన్న అమ్మాయికి ఆ ఆఫీసులో సిఫార్సు చేసేవారెవరు? అమెరికాలో న్యూయార్క్ పక్కన యాంకర్స్ పట్టణంలో 1982లో మొదలైన గ్రేస్టన్ బేకరీ ఈ గొడవంతా పక్కన పెట్టేసింది. అక్కడ ఇంటర్వ్యూ లేదు, పాత చరిత్ర అడగరు. పేరు రాసి వెళితే, ఖాళీ వచ్చినప్పుడు వరుసలో తర్వాతి పేరును పిలుస్తారు. పని నేర్పాక పనిని బట్టే నిర్ణయిస్తారు. బ్యాంకు అకౌంట్ల పనికి అది కుదరకపోవచ్చు గాని, గోదాములో, ప్యాకింగులో, వంటశాలలో ఎందుకు కుదరదో నాకు తెలియదు.

మీకు నా సలహా: డిగ్రీ చేసినవారికీ అప్రెంటిస్‌షిప్ ఉంది, దానికి పేరు నమోదు చేసుకోండి. మీ పని చూసినవారికి మీ చిరునామాతో పని ఉండదు. ఇక తమ్ముడి విషయం. చదువులో గాని, ఉద్యోగంలో గాని, శిక్షణలో గాని లేని యువత సంఖ్య తగ్గించాలని ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లోనే రాసుకుంది. అంటే మీ తమ్ముడి కష్టం ప్రపంచమంతటా ఉన్నదే. దయచేసి ఇంట్లో “ఖాళీగా తిరుగుతున్నాడు” అనే మాట మానేయండి. పైన చెప్పిన గ్రామీణ పథకం నగరవాసి కాబట్టి అతనికి వర్తించదు. పాతవాళ్లకు చిన్న బస్సులతో గుర్తుండిపోయిన సెట్విన్ సంస్థ నగరంలో వృత్తి శిక్షణ కేంద్రాలు నడుపుతుంది, అక్కడ కనుక్కోండి. ఇంటర్‌ను తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పనిచేసుకుంటూనే పూర్తి చేయవచ్చు. ఒకటి మాత్రం అనుభవం మీద చెబుతాను: ఇలాంటి కుర్రాళ్లను కేంద్రం పేరు చెప్పి పంపిస్తే వెళ్లరు, పక్కన ఒకరు నడిస్తే వెళతారు. మొదటి రోజు మీరే తోడు వెళ్లండి.

ప్రశ్న: ఉట్నూరు దగ్గర మా గోండు గూడేనికి ఒక కంపెనీ వారు సామాజిక బాధ్యత నిధులతో 20 కుట్టు మిషన్లు ఇచ్చారు. ఫోటోలు తీసుకుని వెళ్లారు. నేర్చుకున్నవారికి కుట్టడానికి ఆర్డర్లు లేవు. మిషన్లు పంచాయతీ గదిలో ఉన్నాయి. ఇలాంటప్పుడు మేము ఏమి అడగాలి?

జవాబు: ఆర్డర్లు అడగండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ ఖర్చు చూపించడానికి మిషన్లు కొనడం తేలిక, బిల్లు వెంటనే వస్తుంది. కుట్టిన బట్ట కొనడం మాత్రం వ్యాపారం కిందికి వస్తుంది, సామాజిక బాధ్యత లెక్కలోకి రాదు. అందుకే ఆ విభాగం వారు దాని జోలికి రారు. మీరు కలవవలసింది వారిని కాదు, అదే కంపెనీలో కొనుగోళ్లు చూసే అధికారిని. వాళ్ల కార్మికుల యూనిఫాంలు ఎక్కడ కుట్టిస్తున్నారో, చేతి గుడ్డలు, సంచులు ఎవరి దగ్గర కొంటున్నారో అడిగి, అందులో వందో వంతు మాకివ్వండని రాతపూర్వకంగా కోరండి. కేంద్ర ప్రభుత్వ సంస్థలైతే తమ వార్షిక కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీలు నడిపే సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలనే విధానం 2012 నుంచి ఉంది. మీ సంఘానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) చేయించుకుంటే ఆ తలుపు కూడా తట్టవచ్చు. మీ ఉట్నూరులోనే ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు కదా. వాళ్లకు ముందుగా కుదిరింది కొనేవాళ్లు. అదెలా కుదిరిందో వాళ్లనే అడిగి రండి, ఆటో చార్జీ కన్నా ఎక్కువ ఖర్చు కాదు.

ప్రశ్న: భద్రాచలంలో నాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. నేను, ఇంకొక అబ్బాయి, అంతే. చదువు మానేసిన పదిహేడేళ్ల కోయ కుర్రాడిని పెట్టుకోవచ్చా? అప్రెంటిస్‌గా రాయించాలా?

జవాబు: అప్రెంటిస్‌గా కుదరదు. నలుగురికి తక్కువ సిబ్బంది ఉన్న చోట ఆ చట్టం కింద ఒప్పందం రాయరు. 14 ఏళ్లు నిండినవారిని ప్రమాదం లేని పనుల్లో పెట్టుకోవచ్చు కాబట్టి, పద్దెనిమిది నిండే వరకు ఉబ్బిన బ్యాటరీలు విప్పే పని అతనికి చెప్పకండి. పని నేర్పుతున్నామనే పేరుతో ఊరికే తిప్పుకోకుండా, శనివారం శనివారం ఇంత అని మాట్లాడుకుని చేతికి ఇవ్వండి. మూల కూర్చోబెట్టి స్క్రూలు ఏరించే బదులు సంత రోజున కౌంటరు దగ్గర నిలబెట్టండి. లోపలి గూడేల నుంచి వచ్చిన ముసలివాళ్లు ఫోనుకు ఏమైందో తెలుగులో చెప్పలేక తిరిగి పట్టుకుపోవడం మీరు చూసే ఉంటారు. వాళ్లతో అతను కోయలో మాట్లాడతాడు.